బావా బావమరుదుల బంతాట

మన సంఘం పత్రికలో పండుగలూ, పిండివంటలూ, సభల ఫొటోలూ, పిల్లల ర్యాంకులూ చూడటం మనందరికీ అలవాటు. ఇందులో ఫుట్‌బాల్ గురించి, అదీ ఒక ఇల్లాలు రాయడమేమిటని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారు. నాకు ఆ ఆట పిచ్చి లేదని ముందే మనవి చేసుకుంటాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మావాడు చాపమీద కందిపప్పు గింజలు పేర్చి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తల ఊపి, గింజలు ఏరి డబ్బాలో పోసుకున్నాను. అయినా 2018 సెప్టెంబరు 30న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగిన మ్యాచి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. లోకానికి అది బెంగళూరుకూ చెన్నైకీ జరిగిన ఆట. మాకు మాత్రం అన్న ఇంటికీ చెల్లెలి ఇంటికీ జరిగిన ఆట.

మా పుట్టిల్లు చిత్తూరు జిల్లా. తూర్పుకు పోతే చెన్నై, పడమరకు పోతే బెంగళూరు. మా నాన్నగారు తూర్పుకు పోయారు. పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగం చేసి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. అన్నయ్య ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు. నన్ను పడమరకు, బెంగళూరు సంబంధానికి ఇచ్చారు. ఈ రెండు ఊళ్ల మధ్య రైలు కుప్పం మీదుగా పోతుందని మీలో చాలామందికి తెలుసు. కర్ణాటకలో బయలుదేరి, కాసేపు ఆంధ్రలో తొంగిచూసి, తమిళనాడులోకి దిగిపోతుంది. కుప్పం స్టేషన్‌లో తెలుగు అక్షరాల పలక కనబడగానే మా అమ్మ కొంగు సర్దుకుని కూర్చుంటుంది, పుట్టింటివాళ్లెవరో ఎదురొచ్చినట్టు. ఆ పలక దాటగానే మళ్లీ కునుకు.

అన్నయ్య కొడుకు, నా కొడుకు వరసకు బావా బావమరుదులు. రెండేళ్లు తేడా, అన్నయ్య కొడుకే పెద్ద. బావా బావమరుదులంటే ఎకసెక్కాలు ఎలాగూ తప్పవు గదా. మేనల్లుడికి బడి చదువంతా తమిళ దేశంలో, మావాడికి కన్నడ దేశంలో. వాడికి కన్నడం రాదు, వీడికి తమిళం అంతంతమాత్రం. ఇంగ్లీషులో ఎకసెక్కం పండదు. కాబట్టి ఇద్దరూ పోట్లాడుకోవాలంటే తెలుగే దిక్కు. వాడి తెలుగులో సగం తమిళ యాస, వీడి తెలుగులో సగం కన్నడ మాటలు. వింటే మన తెలుగు మాస్టార్లు కళ్లనీళ్లు పెట్టుకుంటారు గానీ, చెవికి భలే ఉంటుంది లెండి.

ఇక జట్ల సంగతి. బెంగళూరు ఎఫ్.సి. అనే జట్టు పుట్టింది 2013లో. అప్పటికి మావాడికి పదిహేనేళ్లు. మొదటి సంవత్సరం అశోక్‌నగర్‌లోని చిన్న ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడేవారు. ఆడిన మొదటి ఏడే ఐ-లీగ్ గెలిచేశారు. ఆ తర్వాత కంఠీరవకు మారారు. 2016లో ఆసియా ఖండం స్థాయిలో జరిగే ఏ.ఎఫ్.సి. కప్పులో ఫైనల్ దాకా పోయారు. మన దేశంనుంచి అంతదూరం పోయిన మొదటి జట్టు అదే. దోహాలో ఇరాక్ జట్టు చేతిలో ఒక్క గోలుతో ఓడారు. 2017లో ఇండియన్ సూపర్ లీగ్‌లో చేరారు. చెన్నయిన్ ఎఫ్.సి. ఆ లీగ్ మొదలైన 2014 నుంచీ ఉంది, 2015లో కప్పు కూడా కొట్టింది. విచిత్రమేమంటే ఇద్దరిదీ నీలం రంగే. పెరంబూరులో ఆరేసిన చొక్కా, మా పెరట్లో ఆరేసిన చొక్కా పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నేను చెప్పలేను. ఆ మాట అన్నందుకు ఇద్దరూ కలిసి నామీద కోపగించుకున్నారు.

మనకంటూ తెలుగు గడ్డమీద ఆ లీగ్‌లో అప్పటికి జట్టే లేదు. హైదరాబాదు జట్టు వచ్చింది 2019లో. ఒకప్పుడు హైదరాబాదు అంటే ఫుట్‌బాల్‌కు కాణాచి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీంగారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి నడిపించారు. మావారు ఈ పాఠం చెప్పినప్పుడల్లా మావాడు "సరే నాన్నా, అది మీ తాతల నేయి" అంటాడు. మూతి వాసన చూడమంటే వాడికి ఎక్కడ తెలుస్తుంది? బెంగళూరు కెప్టెన్ సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులో అని మాత్రం మా అమ్మకు ఎవరో చెప్పారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు, ఉద్యోగరీత్యా అక్కడ పుట్టాడంతే. అయినా ఆ రోజునుంచీ ఆవిడకు ఛెత్రి "మనవాడు". నేపాలీ కుటుంబం అమ్మా అంటే, "అయితేనేమి, మనం మాత్రం బెంగళూరోళ్లమా?" అంది.

ఆ మాటలో ఉన్న ముల్లు మీకు తెలుసు. మావాడు పుట్టింది, పెరిగింది ఇక్కడే. బడిలో "నీవు ఆంధ్రదవనా?" అని అడిగేవారు. సెలవులకు చిత్తూరు పక్క పల్లెకు పోతే "బెంగళూరోడు వచ్చినాడు" అనేవారు. మనలాంటి ఇళ్లలో పిల్లలందరిదీ ఇదే కథ. మూడు తరాలు ఉన్నా మనం ఎప్పుడో వచ్చినవాళ్లమే. కానీ 2013లో పుట్టిన జట్టుకు పాతకాపు ఎవడు? కన్నడిగుడైనా, తమిళుడైనా, మార్వాడీ అయినా, మావాడైనా అందరూ ఒకే ఏడాది గేటు దగ్గర వరసలో నిలబడ్డారు. ఆ జట్టును "నమ్మ" అనడానికి మా తాతగారు ఎక్కడినుంచి వచ్చారని ఎవరూ అడగలేదు. వాడికి అది ఎందుకంత ప్రాణమైందో నాకు తెలిసింది చాలా ఆలస్యంగా, అదీ ఒక గొడవ వల్ల.

2018 మార్చి 17, శనివారం. మర్నాడు విళంబి నామ ఉగాది. ఆ రాత్రి కంఠీరవలో సూపర్ లీగ్ ఫైనల్, బెంగళూరూ చెన్నైలకే. పట్టికలో బెంగళూరుది మొదటి స్థానం, 40 పాయింట్లు. చెన్నైది రెండు, 32 పాయింట్లు. మేనల్లుడు స్నేహితులతో పొద్దున రైల్లో వచ్చాడు. మా ఇంట్లో భోంచేశారు. బావా బావమరుదులిద్దరూ ఒకే ఆటోలో స్టేడియానికి పోయి, గేటు దగ్గర విడిపోయి, ఎవరి గ్యాలరీకి వాళ్లు పోయారు. తొమ్మిదో నిమిషంలోనే ఛెత్రి ముందుకు దూకి తలతో గోలు కొట్టాడు. ఇంట్లో మావారు పులిహోర పోపు మాడేంత కేక పెట్టారు. తర్వాత చెన్నైవాళ్ల బ్రెజిల్ ఆటగాడు మైల్సన్ కార్నర్ బంతులను రెండుసార్లు తలతోనే లోపలికి పంపాడు. రఫాయెల్ అగస్టో మూడోది కొట్టాడు. చివర్లో మీకు ఒకటి తిరిగి కొట్టినా (మీకు అంటే మీకూ నాకూ కాదండీ, వెనెజులా ఆటగాడి పేరు) 3-2తో కప్పు చెన్నైకి పోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మావాళ్లు రచ్చలన్నీ గెలిచి ఇంట ఓడారు.

అర్ధరాత్రి ఇద్దరూ వచ్చారు. ఒకడి ముఖం వెలిగిపోతోంది, ఒకడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఉగాది పొద్దున పచ్చడి పెట్టాను. మేనల్లుడు గిన్నె అందుకుని నవ్వుతూ, "ఏంరా బావా, నీ పచ్చట్లో వేపపువ్వు ఎక్కువ పడిందా?" అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. వీడు పలకలేదు. వాడు ఊరుకోకుండా, "అయినా మీరు ఈ ఊళ్లో అద్దెకుండేవాళ్లేగదరా. కప్పు పోతే ఇంటివాళ్లు ఏడవాల, మీకేం?" అన్నాడు.

ఎకసెక్కానికే అన్నాడు, నాకు తెలుసు. కానీ వీడు గిన్నె కిందపెట్టి "మరి నువ్వు?" అని ఒక్కమాట అని బయటికి పోయాడు. వాడి ప్రశ్న సరైనదే గదా. పెరంబూరులో వాడు మాత్రం ఏం ఇంటివాడు? అక్కడా "తెలుంగుక్కారన్" అనే అంటారు. ఇద్దరిదీ ఒకే గాయం, ఒకడు రెండోవాడిమీద వేలు పెట్టి నొక్కాడు. సాయంత్రం మేనల్లుడు వెళ్లేటప్పుడు వీడు ఇంటికి రాలేదు. ఆపైన ఆరు నెలలు ఇద్దరికీ మాటల్లేవు. అన్నయ్యా నేనూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం గానీ, పిల్లల ఊసు వచ్చేసరికి ఇద్దరం వానల గురించి మాట్లాడేవాళ్లం.

ఏప్రిల్‌లో మావాళ్లు భువనేశ్వర్‌లో సూపర్ కప్పు గెలిచారు. కళింగ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్‌ను 4-1తో కొట్టారు. ఒడిశాలోని మన పాఠకులెవరైనా చూసి ఉంటారేమో. మావాడి ముఖం అప్పుడూ తేటపడలేదు. ఆగస్టులో ఏ.ఎఫ్.సి. కప్పులో తుర్క్‌మెనిస్తాన్ జట్టు చేతిలో మళ్లీ కంఠీరవలోనే ఓడారు. ఇక కొత్త సీజన్‌లో మొదటి మ్యాచి ఎవరితోనో పట్టిక వచ్చింది. చెన్నైతోనే. అదీ కంఠీరవలోనే.

ఆ సమయానికి అమ్మ కంటి ఆపరేషన్ కోసం మా ఇంట్లో ఉంది. "ఇద్దురు మనవళ్లు, రెండు కండ్లు. ఒకదానికి కట్టుగట్టినారు, ఇంకోదాంతో ఎవర్ని చూసేది?" అనేది. ఆవిడను టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కింటావిడను తోడుంచి, మావారూ నేనూ బయలుదేరాం. టిక్కెట్లు మావాడే తెచ్చాడు. నన్ను ఎందుకు రమ్మన్నాడో చెప్పలేదు, నేనూ అడగలేదు.

కంఠీరవ స్టేడియం ఉన్నచోట పూర్వం సంపంగి చెరువు ఉండేది. కరగ ఉత్సవం పూజలకోసం మూలన చిన్న కుంట మాత్రం మిగిల్చారు. చెరువు కప్పేసినా నేల బుద్ధి పోలేదేమో, ఆ రోజు అలలు అలలుగా ఉంది లోపల. పడమటి వైపు గ్యాలరీ 'వెస్ట్ బ్లాక్ బ్లూస్' వాళ్లది. మావాడు అందులోకి పోయి కలిసిపోయాడు. ఆ కుర్రవాళ్లు ఆట జరిగినంతసేపూ కూర్చోరు. డోళ్లు, జెండాలు, పాటలు. పాట ఎత్తుకునే పిల్లవాడు ఆటకు వీపు పెట్టి జనం వైపు తిరిగి నిలబడతాడు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొని ఆట చూడని మనిషిని నేను అక్కడే చూశాను.

మా పక్క సీట్లో ఆస్టిన్ టౌన్‌నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నారు. మొదట తమిళంలో పలకరించారు, మావారు కన్నడంలో జవాబిస్తే కన్నడంలోకి మారారు, మేమిద్దరం మాట్లాడుకునేది విని చివరికి తెలుగులోకి దిగారు. బెంగళూరు అంటే అదే గదా. "మా కాలంలో మిలిటరీ టీములు, ఫ్యాక్టరీ టీములు అమ్మా. ఎం.ఇ.జి. అనీ, ఐ.టి.ఐ. అనీ. ఊరి పేరుతో టీము లేదు. ఎవరు గెలిచినా ఒక ఫ్యాక్టరీ గెలిచేది, ఊరు గెలిచేది కాదు" అన్నారు.

మొదట్లో చెన్నైవాళ్లకే మంచి అవకాశాలు వచ్చాయి. బంతి మన గోలు వైపు వచ్చినప్పుడల్లా చుట్టూ ఉన్నవాళ్లు చేతులు నెత్తిన పెట్టుకునేవారు. మార్చి రాత్రి అందరి కళ్లముందూ ఉంది. కార్నర్ వస్తే చాలు, పెద్దాయన కళ్లు మూసుకునేవారు. 41వ నిమిషంలో మీకు గోలు కొట్టాడు. నేను సరిగ్గా ఆ క్షణాన పర్సులో మంచినీళ్ల సీసా కోసం వెతుకుతున్నాను. తలెత్తేసరికి స్టేడియం మొత్తం లేచి నిలబడింది. పెద్దాయన మావారిని కావలించుకున్నారు. మావారు, ముప్పై ఏళ్లలో నా చెయ్యి కూడా నలుగురిలో పట్టుకోని మనిషి, ఆయన్ను తిరిగి కావలించుకున్నారు.

రెండో సగం నేను ఎప్పుడూ పడనంత అవస్థ. గెలుపు చేతిలో ఉన్నప్పటికన్నా లేనప్పుడే మనిషికి సుఖమనిపించింది. గడియారం నడవదు. చెన్నైవాళ్లు వస్తూనే ఉన్నారు. పాటలు ఆగలేదు గానీ గొంతుల్లో వణుకు తెలుస్తోంది. నా ముందు వరసలో ఒక పిల్ల చేతిగాజును అటొకసారి, ఇటొకసారి తిప్పుతూనే ఉంది.

చివరి విజిల్ ఊదగానే ఎగురుతారు, గెంతుతారు అనుకున్నాను. అది తర్వాత. ముందు చాలామంది కూర్చుండిపోయారు. వెస్ట్ బ్లాక్‌లో కూడా, ఆ కూర్చోని కుర్రవాళ్లు, మెట్లమీద కూలబడ్డారు. ఆరు నెలలుగా నిలబడి ఉన్నవాళ్లలా. ఒకడు ముఖం జెండాలో దాచుకుని ఏడుస్తుంటే పక్కవాడు వీపు తడుతున్నాడు. ఆ తర్వాత డోళ్లు మళ్లీ అందుకున్నాయి. ఆటగాళ్లు ఆ గ్యాలరీ ముందుకు వచ్చి చేతులు పైకెత్తి చప్పట్లు కొడితే, జనం అదే లయలో కొట్టారు. చెన్నైనుంచి వచ్చిన కొద్దిమంది ఒక మూల అలాగే నిలబడి తమ ఆటగాళ్లకు తాము చప్పట్లు కొడుతున్నారు. వాళ్లలో మా మేనల్లుడు లేడని తెలిసినా అటే చూశాను.

"సీజన్‌లో 18 మ్యాచులమ్మా. ఇంకా 17 ఉన్నాయి. కప్పేమో వాళ్ల ఊళ్లోనే ఉంది" అన్నారు పెద్దాయన, కళ్లు తుడుచుకుంటూ. లెక్క అందరికీ తెలుసు. వచ్చింది మూడు పాయింట్లేనని ఆ కుర్రవాళ్లకు నాకన్నా బాగా తెలుసు. కప్పు తిరిగి రాలేదు. తిరిగి వచ్చింది ఇంటివాళ్లమన్న ధీమా. అంతదానికి అంత గోలా అంటే, మన ఇళ్లలో పిల్లవాడికి జ్వరం తగ్గిన రోజున చేసే హడావుడి చూడండి.

కబ్బన్ పార్కు మెట్రోలో అంతా నీలం. కన్నడం, తమిళం, మలయాళం, హిందీ, మధ్యలో మా తెలుగు. మావాడికి గొంతు పూర్తిగా పోయింది. బావకు ఏదో ఒక మంట పెట్టే సందేశం పంపుతాడని కనిపెట్టి చూస్తున్నాను. ఫోను జేబులోంచి తియ్యలేదు.

ఇంటికి చేరి చెప్పులు విప్పుతుండగా ఫోను మోగింది. పెరంబూరు. వీడు దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అమ్మ సోఫాలోంచి, "ఎత్తరా, అది మోగి మోగి సచ్చిపోతుంది" అంది. ఎత్తాడు. నాకు వినబడేలా మైకు నొక్కింది మావారే.

"ఏం బావా, ఇంటివాడివైపోతివే!" అన్నాడు వాడు.

వీడు జవాబివ్వబోతే గొంతులోంచి బొంగురుగా గాలి తప్ప ఏమీ రాలేదు. అవతల మేనల్లుడు భయపడిపోయాడు. "ఒరే, ఏడస్తా ఉండావా? ఒరే, నేను ఏదో అంటినిగానీ... అత్తా, వాడు ఏడస్తా ఉండాడా?" వీడికి నవ్వొచ్చింది. నవ్వూ బొంగురే. అది విని వాడు ఇంకా హడలిపోయాడు. చివరికి నేనే అందుకుని, అరిచి అరిచి గొంతు పోయిందిరా నాయనా అని చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత గంటసేపు వాడు మాట్లాడాడు, వీడు గుసగుసలాడాడు. మీ గోల్‌కీపర్ లేకపోతే అని వాడు, మీవాళ్లు కొట్టనేరకపోతే మేమేం చేసేది అని వీడు. ఉగాది నాటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

అమ్మ కట్టు లేని కన్ను మూసుకుని వింటోంది. "గెలిచినోడు గదా ఫోన్ చేయాల్సింది. ఓడినోడు చేసినాడే. వాడే పెద్దోడు" అని తీర్పు చెప్పి పడుకోవడానికి లేచింది.

ఆ ఏడు చెన్నై జట్టుకు ఏం దిష్టి తగిలిందో, పట్టికలో అట్టడుగున మిగిలింది. 18 మ్యాచుల్లో 9 పాయింట్లే. కానీ 2019 ఫిబ్రవరిలో చెన్నై నెహ్రూ స్టేడియంలో బెంగళూరును 2-1తో ఓడించనే ఓడించారు. ఆ మ్యాచికి మావాడు వెళ్లి, మామ ఇంట్లో రెండు రోజులు ఉండి, వదిన కట్టిచ్చిన మాగాయ సీసాతో తిరిగొచ్చాడు. ఎలా జరిగిందిరా అంటే సీసా చేతిలో పెట్టి స్నానానికి పోయాడు.

సరిగ్గా ఏడాదికి, 2019 మార్చి 17న, ముంబయిలో ఫైనల్. గోవాతో. తొంభై నిమిషాలు చాలలేదు, అదనపు సమయం కూడా అయిపోవస్తుండగా 117వ నిమిషంలో రాహుల్ భేకే తలతో కొట్టిన గోలుతో బెంగళూరుకు కప్పు వచ్చింది. వీధిలో టపాకాయలు పేలుతుంటే మావాడు ముందు ఫోన్ చేసింది పెరంబూరుకే. చాలాసేపు మోగాక మా అన్నయ్య ఎత్తాడు.

"బావ ఏడీ మామా?"

"నిద్రపోతా ఉండానని చెప్పమంటా ఉండాడు" అన్నాడు అన్నయ్య.